తేదీ లేని మాట

తొమ్మిది దాటి అయిదు నిమిషాలైంది. ఇంకా యాభై అయిదు నిమిషాలు. నీళ్లకు తొందరేం లేదు, ఉన్న తొందరంతా మనుషులకే, అనుకుందామె స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ. నిన్న ఉదయం సరిగ్గా పది గంటలకు ఊళ్లోని పది కుళాయిల నీళ్లు తన చేత్తో పది గాజు గొట్టాల్లో పోసి, ఇంక్యుబేటర్ అనే ఆ వెచ్చటి ఇనప పెట్టెలో పెట్టి తలుపు మూసింది. ఇవాళ పదింటికి తియ్యాలి. గొట్టంలో ముందే పోసిన పరీక్ష మందు ఊదారంగులోనే ఉంటే నీళ్లు మంచివి, పసుపుకు తిరిగితే నీళ్లలో పురుగు ఉన్నట్టు. ఇరవై నాలుగు గంటలంటే ఇరవై నాలుగే. మధ్యలో తలుపు తెరిచి తొంగిచూసే ఆత్రగాళ్లను ఈ ముప్పై ఒక్క ఏళ్లలో చాలామందిని చూసింది, వాళ్లలో ఒక్కడికీ ఈ గదిలో రెండోసారి ఆ పెట్టె మీద చెయ్యి వేసే అవకాశం ఇవ్వలేదు. నీటి సరఫరా ఆఫీసుకు ఇంజినీర్లు వస్తారు, బదిలీ మీద పోతారు, నీళ్లు పరీక్షించే ఈ గది మాత్రం ఆమెది. పొద్దున రాగానే కుళాయి తిప్పి మొదటి గ్లాసు తనే తాగుతుంది. అది ఏ రూల్లోనూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు, తను తాగని నీళ్లు ఊరికి వదలడం ఆమెకు నచ్చదు, అంతే. ఇవాళ కూడా తాగింది. క్లోరిన్ నాలుక మీద సన్నగా తగిలింది, సున్నా పాయింట్ నాలుగు ఉంటుంది అనుకుంది, కొలిస్తే సున్నా పాయింట్ నాలుగే వచ్చింది. పరికరం కంటే ముందు తన నాలుక చెప్పడం, పైకి ఎవరితోనూ అనదు కానీ, లోపల ఎంత గర్వమో. రోజూ ఆ గర్వంతోనే రిజిస్టర్ తెరుస్తుంది, ఇవాళ మాత్రం గ్లాసు కడిగి బోర్లించి అలా కూర్చుండిపోయింది.

అదిగో, మళ్లీ. కిటికీ అవతల, గేటు బయట, రెండు మూడు వందల మంది గుంపులో ఎవరి ఫోనులోంచో తను మాట్లాడుతోంది. కుళాయి నీళ్లు ముట్టుకోకండి. మందు బాగా ఎక్కువ పడింది. పిల్లలకి పొరపాటున కూడా పట్టొద్దు. నేను చెప్పానని ఎవరికీ చెప్పొద్దు. పద్నాలుగు సెకన్లు. ఒక ఫోనులో అయిపోతుండగానే ఇంకో ఫోనులో మొదలవుతోంది, ఈ చెప్పొద్దు మీద ఆ ముట్టుకోకండి వచ్చి పడుతోంది. తన గొంతు అంత బొంగురుగా ఉంటుందా, అంత ధీమాగా ఉంటుందా, ఇంత నమ్మకంగా మాట్లాడే ఆడదాన్ని తనైనా నమ్మేది కదా. మూడు రోజులుగా ఊరు కుళాయి కట్టేసింది. మొదటి రోజు దుకాణాల్లో సీసా నీళ్లు అయిపోయాయి, రెండో రోజు కొన్ని వీధుల వాళ్లు ఊరి చివర రాతి క్వారీలో నిలిచిన నీళ్లు తెచ్చుకున్నారు, మూడో రోజుకు పదకొండు మంది పిల్లలు వాంతులతో ఆసుపత్రిలో చేరారు. ఆ క్వారీ నీళ్లను ఎనిమిదేళ్ల కిందట పరీక్షించి, గొట్టాలన్నీ పసుపుకు తిరిగితే, పైఅధికారులతో పోట్లాడి చుట్టూ కంచె వేయించింది తనే. తను వేయించిన కంచెను తన మాట విని తెంచారు. ఏడవాలో నవ్వాలో తెలియని సంగతి ఇది, ఆమె రెండూ చెయ్యలేదు, బల్ల మీది కాగితాన్ని కాస్త పక్కకు జరిపింది.

కాగితం ఇంజినీరు పెట్టి వెళ్లాడు. ఆమె కొడుకు ఈడువాడు, చెడ్డవాడేం కాదు, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "మేడం, ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. రోజూ వింటాను కదా. కానీ ఈ రోజుల్లో కంప్యూటర్‌తో ఎవరి గొంతైనా చేసేస్తున్నారు. అది కల్పించిందని ఒక్క సంతకం పెట్టండి, పదింటికి మీ పరీక్షతో పాటు నేనే గేటు దగ్గర చదివేస్తాను. అందరూ నమ్ముతారు." ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. "నాదే అన్నారనుకోండి, సస్పెండ్ చేస్తారు, అది తరవాతి సంగతి. అసలు ఆ తరవాత మీ చేతి అంకెను ఎవరు నమ్ముతారు? నీళ్లు ఎవరు తాగుతారు? ఆ క్వారీకే పోతారు. మీ కోసం కాదు మేడం, ఊరి కోసం." అదీ మెలిక. ఉద్యోగం పోతుందని బెదిరిస్తే ఆమె నవ్వేసేది, ఇంక ఏడాది నాలుగు నెలల ఉద్యోగం, ఉంటే ఎంత ఊడితే ఎంత. ఊరు తాగదంటే మాత్రం నవ్వలేకపోయింది. 'సదరు ధ్వనిముద్రణ కృత్రిమముగా సృష్టించబడినదని ధ్రువీకరించడమైనది.' కింద చుక్కల గీత, సంతకానికి. తన సంతకానికి ఈ ఊళ్లో ఎంత విలువ లేకపోతే దాని కోసం చుక్కలు పెట్టి మరీ వస్తారు. పదకొండు వేల పైచిలుకు రోజులు రోజుకొక సంతకం, జ్వరమొచ్చినప్పుడు కూడా వంకర పోలేదు. తొమ్మిదీ ఇరవై.

మొదట్లో సంతకం కాదు, బ్లేడు. చేరిన నెల, ఇరవై ఏడేళ్ల వయసు, అంతా తెలుసనే పొగరు. ఒక రోజు ఒకటి రాయాల్సిన చోట ఏడు రాసింది, సగం బ్లేడుతో సిరాను మెల్లగా గీకి, ఏడును ఒకటి చేసింది, ఎంత నున్నగా చేసిందంటే తనకే ముచ్చటేసింది. అప్పటి పెద్దాయన, ఈ గదికి ఆమె కంటే ముందు దిక్కు, ఆ పేజీని ఎత్తి కిటికీ వెలుగుకు పట్టాడు. గీకిన చోట చిన్న వెలుగు మచ్చ కనపడింది. అరవలేదు ఆయన, అరిస్తే బాగుండేది. "గీకిన చోట కాగితం పలచబడుతుందమ్మా. నమ్మకం చిరిగేది కూడా అక్కడే. తప్పు రాశావా, దాని మీద ఒక్క గీత కొట్టు, ఒక్కటే. కింద తప్పు చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైనది రాయి, సంతకం పెట్టు, తేదీ వెయ్యి. తేదీ లేని అంకె అంకె కాదు, గాలి కబురు." ఆ తరవాత బ్లేడు ముట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో పంతొమ్మిది గీతలు, పంతొమ్మిదీ ఎక్కడెక్కడున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పై నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు మొదట తప్పులు లేని పేజీలు చూసి మెచ్చుకోబోతారు, ఆమే వాళ్లకు గీతలున్న పేజీలు తిప్పి చూపిస్తుంది. ఎవరైనా నగలు చూపించుకుంటారు, ఈవిడ తప్పులు చూపించుకుంటుందని ఆఫీసులో వెనక నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. పెద్దాయన పోయి పన్నెండేళ్లు. ఆయన ఉంటే ఇంజినీరు కాగితాన్ని కిటికీకి పట్టి చూసేవాడు. ఆమె నిజంగానే ఎత్తి పట్టింది. దళసరి కాగితం, ఎక్కడా పలచన లేదు, అబద్ధం ముందే రాసుకొస్తే గీకే పని కూడా ఉండదు మరి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అమ్మ అంటుండేది, అమ్మకు ఫోను తెలియదు, తెలిస్తే ఇంకేం అనేదో. అక్క నిన్న ఫోను చేసి ఏడ్చింది. "చిట్టీ, నేనేనే పంపింది. మా వియ్యపురాలికి పంపాను. మా చెల్లెలు చెప్పిందంటే తిరుగుండదు అని రాసి మరీ పంపాను. గర్వంగా ఉండదుటే నాకు?" గర్వమే. దోషమంతా అక్క నెత్తిన పెట్టడానికి ఆమె మనసు ఒక్క నిమిషం ఉత్సాహపడింది, అక్క దేన్నైనా పంపుతుంది, పొద్దునే నిమ్మకాయతో చూపు వస్తుందంటుంది, సాయంత్రానికి చందమామ మీద ఏదో మొలిచిందంటుంది, ఇంటివాళ్ల గ్రూపులో తను ప్రతిదానికీ తేదీ ఏదే, ఎవరు చెప్పారే అని అడిగి అడిగి అందరికీ విసుగు పుట్టించింది. అలాంటి తను ఆ రోజు తేదీ వెయ్యలేదు. రెండేళ్ల కిందట, మూడో ట్యాంకు కడిగిన రోజు, బ్లీచింగ్ పౌడరు ఒక పాలు ఎక్కువ పడింది, పదింటి దాకా పైపులు కడిగి వదిలితే సరిపోతుంది. నోటీసు అంటించారు, మైకు బండి తిరిగింది. చెవుల్లో తీగలు పెట్టుకున్నవాళ్లకు మైకు వినపడదు, తలొంచుకు నడిచేవాళ్లకు నోటీసు కనపడదు, తనవాళ్లు తాగేస్తారేమోనని నిజంగానే భయపడింది. రెండు ముక్కలు పంపింది. మొదటిది, అక్కా మూడో ట్యాంకు కడిగారు, పదింటి దాకా ఆగితే చాలు అని. రెండోది, ఆ పద్నాలుగు సెకన్లు. మొదటి ముక్కలో భయం లేదు కాబట్టి ఇల్లు దాటలేదు, రెండోది ఊళ్లు తిరిగింది, రెండేళ్ల తరవాత ఎవరి ఫోను అడుగునుంచో లేచి, నిన్నగాక మొన్న పుట్టినట్టు మళ్లీ వచ్చింది. కాగితం అయితే పాతబడేది, పసుపు రంగుకు తిరిగేది, చూడగానే పాతదని తెలిసేది. ఇది పాతబడదు, ఏళ్ల కిందటి మాటా ఈ నిమిషం మాటా ఒక్కలాగే మెరుస్తాయి, ఒకరి చావు కబురు ఎప్పుడో ఏడ్చి మరిచిపోయాక మళ్లీ వచ్చి ఏడిపిస్తుంది, ఎప్పుడో దొరికిన పిల్లాడి కోసం జనం ఇంకా వెతుకుతూనే ఉంటారు. అదంతా నిజమే. ఆ చివరి మాట మాత్రం, నేను చెప్పానని ఎవరికీ చెప్పొద్దు, అది ఏ యంత్రమూ అతికించలేదు. ఎందుకన్నది? రహస్యమేం ఉంది అందులో, గోడ మీద నోటీసే ఉంటే? అందరికంటే ముందు తనకు తెలుసని, తను లోపలి మనిషినని, అక్క ముందు ఆ కాస్త గొప్ప. ఉప్పు వేసినట్టు వేసింది. ఆ ఉప్పుకే జనం ఆ మాటను వదల్లేదు.

తొమ్మిదీ నలభై. గేటు దగ్గర కేకలు కాస్త పెరిగాయి, కాపలావాడు గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు, పెద్ద కోట కాస్తున్నట్టు. కిటికీలోంచి ముందు వరసలో దర్జీ కనపడింది. తన ఇంటి పక్క వాటాలోనే ఉంటుంది, పదేళ్లుగా తన జాకెట్లన్నీ కుట్టింది ఆమే, కొలతలు తీసుకోనక్కరలేకుండా కుడుతుంది, చెయ్యి అలాంటిది, అందుకే ఆ దర్జీ అంటే తనకు గౌరవం. దర్జీ కూతురు ఆరేళ్లది, రోజూ గోడ మీంచి తొంగిచూసి, నీళ్ల మేడం, ఇవాళ నీళ్లు పాసయ్యాయా అని అడిగేది, ఫస్ట్ క్లాసులో పాసయ్యాయే అని తను చెప్పేది. ఆ పిల్ల నిన్నటి నుంచి ఆసుపత్రిలో ఉంది. దర్జీ కావాలనుకుంటే గోడ మీంచి ఒక్క మాట అడిగి ఉండవచ్చు, అక్కా ఇది నిజమేనా అని. గోడ ఎంత ఎత్తని, నడుముదాకా ఉంటుంది. ఎందుకు అడగలేదు? ఒకప్పుడు వీధి వీధీ వచ్చి అడిగేవాళ్లు, మేడం నీళ్లు కాస్త ఎర్రగా వస్తున్నాయి, మేడం పైపు వాసన వస్తోంది, ఆదివారం భోజనం మధ్యలో లేచి వెళ్లి చూసిన రోజులున్నాయి, విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు అడగడం పోయింది. అరచేతిలో ఉన్నదాన్ని అడిగితే అన్నీ చెబుతుంది, గోడ పక్క మనిషిని అడగడం నామోషీ. లేకపోతే, ఈ ఆలోచన మూడు రోజులుగా తలుపు బయటే నిలబడి ఉంది, ఇప్పుడు లోపలికి వచ్చేసింది, లేకపోతే దర్జీ ఆ గొంతును గుర్తుపట్టిందేమో. గుర్తుపట్టింది కాబట్టే అడగలేదేమో. నీళ్ల మేడమే చెప్పాక ఇంకెవర్ని అడగాలి. కుళాయి కట్టేసి, బిందె తీసుకుని, క్వారీకి నడిచింది.

ఆమె లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. మరి దర్జీకి తెలిసి ఉంటే, ఆ గొంతు కల్పించిందని ఇంజినీరు చదివితే, ఊరంతా నమ్మి కుళాయి తిప్పుకున్నా, ఆ ఒక్కతీ గుంపులో నిలబడి తన కిటికీ వంక చూస్తుంది. అక్కకు తెలుసు, వియ్యపురాలికి తెలుసు, ఇంజినీరుకు తెలుసు, అందరూ పెద్ద మనసుతో ఊరుకుంటారు, ఆ పెద్ద మనసులు రోజూ మొయ్యాలి తను. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇవాళ తన అసలు గొంతు దొంగదని సంతకం పెడితే, రేపు నిజంగానే ఎవడో దొంగ గొంతు చేస్తే ఇది నాది కాదు అని ఏ నోటితో చెప్పాలి? నమ్మకం కోసం అబద్ధం ఆడమంటున్నాడు కుర్రవాడు, పలచబడిన చోట ఊరంతా వచ్చి నిలబడుతుందని తెలియదు పాపం. తాగరు, సరే. ఇవాళ తాగకపోతే రేపు తాగుతారు, తను రోజూ గేటు దగ్గర నిలబడి తాగి చూపిస్తుంది, సస్పెండ్ చేస్తే గేటు బయట నిలబడి తాగుతుంది. ఈ ఊరి నీళ్లు ఆమె కడుపులోంచి పోనిదే ఊరికి పోలేదు ముప్పై ఒక్క ఏళ్లు, అంత తేలిగ్గా నీళ్లు వదులుకునే మనిషి కాదు తను. అడుసు తొక్కింది, నిజమే. కాలు కడుక్కోవడం కూడా తనకే వచ్చు.

పది. ఆమె ఇంక్యుబేటర్ తలుపు తీసింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. పది గొట్టాలు, ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూసింది, ఊదా, ఊదా, ఊదా, ఏడోది కాస్త అనుమానంగా అనిపించి అద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది, ఊదా. ఫస్ట్ క్లాసు. రిజిస్టర్లో రాసింది, సంతకం పెట్టింది, తేదీ వేసింది, చెయ్యి వంకర పోలేదు. అప్పుడు పాత రిజిస్టర్ బీరువాలోంచి తీసి మూడో ట్యాంకు కడిగిన రోజు వెతికింది, మార్చి తొమ్మిది, మంగళవారం, అంతా అక్కడే ఉంది, పడిన మందు, వదిలిన నీళ్లు, పదింటికి మళ్లీ చేసిన పరీక్ష. తర్వాత ఇంజినీరు కాగితం దగ్గరికి లాక్కుని, 'కృత్రిమముగా సృష్టించబడినది' మీద ఒక్క గీత కొట్టింది, ఒక్కటే, కింద చదవడానికి వీలుగా. పక్కన రాసింది: గొంతు నాదే. రెండేళ్ల కిందటి మార్చి తొమ్మిది నాటిది. అప్పటి ట్యాంకు గురించి. సంతకం, తేదీ. ఇరవయ్యో గీత. పెద్దాయన పక్కన నిలబడి చూసినట్టే అనిపించింది, ఆయన మెచ్చుకోడు, ఊఁ అంటాడు, ఆ ఊఁ చాలు.

ఇంజినీరు వరండాలో ఎదురొచ్చి కాగితం చూశాడు, మొహం పాలిపోయింది. "మేడం, ఒక్కసారి ఆలోచించండి." "గంట సేపు అదే పని చేశాను నాయనా," అంది ఆమె, ఆగకుండా. గొట్టాల స్టాండు ఒక చేతిలో, గ్లాసు ఒక చేతిలో. కాపలావాడు కుర్చీ తీశాడు. గేటు పక్కన వచ్చేపోయేవాళ్ల కోసం పెట్టిన కుళాయి ఉంది, మూడు రోజులుగా దాని కింద నేల ఎండిపోయి ఉంది. ఆమె అక్కడ నిలబడగానే గుంపులో అన్ని చేతులూ పైకి లేచాయి, చేతి చివర ఫోనులు, మొహాలకు బదులు ఫోనులే చూస్తున్నాయి. సరే, చూడనీ. నీళ్లు నమలకుండా మొదలుపెట్టింది.

"ఇవాళ జూలై పద్నాలుగు, శుక్రవారం. ఈ ఊరి నీళ్లు పరీక్ష చేసేది నేను. జూలై పద్నాలుగున చెప్తున్నాను, మీ ఫోనుల్లో ఉన్న గొంతు నాదే. జూలై పద్నాలుగున చెప్తున్నాను, ఆ మాట రెండేళ్ల నాలుగు నెలల కిందట మార్చి తొమ్మిదిన మా అక్కకి పంపాను, ఆ రోజు పదింటి దాకా మాత్రమే. తేదీ చెప్పకపోవడం నా తప్పు. ఎవరికీ చెప్పొద్దనడం ఇంకా పెద్ద తప్పు. జూలై పద్నాలుగున ఒప్పుకుంటున్నాను. ఇవాళ, జూలై పద్నాలుగున, ఈ నీళ్లు మంచివి."

కాపలావాడు మెల్లగా దగ్గరికి వంగాడు. "తేదీ ఇందాకే చెప్పారు కదమ్మా."

"కత్తిరిస్తారయ్యా. ఎక్కడ కత్తిరించినా కత్తెరకి తేదీ తగలాలి."

గుంపులో ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు, ఎవరో ఆ తిట్టినవాణ్ని ఊరుకోమన్నారు. ముందు వరసలోంచి దర్జీ వచ్చింది. ఆమె చేతిలో ఫోను లేదు, ఆసుపత్రికి తీసుకెళ్లే సీసా ఉంది, ఖాళీది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గొంతు మీదేనని మొదటి రోజే తెలుసక్కా నాకు," అంది. "మీ మాట విన్నాకే కుళాయి కట్టేశాను."

ఆమెకు తల దించుకోవాలనిపించింది, దించుకోలేదు, దర్జీ మొహంలోకి చూడటం ఇప్పుడు తన పని. "అవును," అంది. "నా వల్లే."

"ముందు మీరు తాగండి."

కుళాయి తిప్పింది. గాలి బుసకొట్టి, నీళ్లు వచ్చాయి. గ్లాసు నిండా పట్టి, అడుగు దాకా తాగి, బోర్లించి చూపించింది. సున్నా పాయింట్ మూడు, అంది నాలుక, అలవాటు కొద్దీ. దర్జీ కూర్చుని సీసాను కుళాయి కింద పెట్టింది, పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది. "మా పిల్లకి పట్టొచ్చా?"

"ఇవాళ జూలై పద్నాలుగు. పట్టొచ్చు," అంది ఆమె. గొంతు బొంగురుగానే ఉంది, వణకలేదు. "నేను చెప్పానని అందరికీ చెప్పు."